మోడు మీది ప్రాణి

జ్యేష్ఠం గడచి ఆషాఢం ప్రవేశించే వేళకు గోదావరిఖని ప్రాంతంలో ఎండ తీవ్రత తగ్గుతుంది. గాలిలోని బొగ్గుపొడి అణగిపోతుంది. గనుల నుండి తీసి పోసిన మట్టిదిబ్బల మీద పచ్చిక తొంగిచూస్తుంది. నాలుగు వానలు పడిన తరువాత, ఏ కలప యార్డులోనో పాతబడి కుళ్ళిన దుంగమీద, లేదా కోతమిల్లు పక్కన పోగుపడిన రంపపుపొట్టు మీద, ఒక ఉదయం పసుపుపచ్చని ముద్ద కనిపించవచ్చు. ముందునాటి సాయంకాలం అది అక్కడ ఉండదు. ఒకటి రెండు దినాలలో దాని రంగు వెలిసి, పైపొర పెళుసై, తాకితే లోపలినుండి నల్లని పొడి రాలుతుంది. చూచినవారు బూజనుకొని కాలితో తోసివేస్తారు. కొందరు కుక్క కక్కిందనుకొని తప్పుకొని పోతారు. ఇంగ్లీషువారు దానికి పెట్టుకొన్న వాడుకపేరు కూడా ఇంచుమించు ఆ అర్థమిచ్చేదే.

శాస్త్రజ్ఞులు దానిని ఫ్యూలిగో సెప్టికా అంటారు. జిగురు బూజులనే జీవవర్గంలో అది మిక్కిలి సామాన్యమైన జాతి. ప్రపంచమంతటా ఈ వర్గంలో ఇంతవరకు సుమారు వెయ్యి జాతులను గుర్తించారు. వాటిలో చాలామటుకు ఫ్యూలిగో వలె కంటికి కొట్టవచ్చినట్లు కనిపించేవి కావు. ఆవగింజలో సగమైనా లేని తలలు, వెంట్రుకవంటి కాడలు, బెరడు పగుళ్ళలో దాగిన చుక్కలు, ఇవే వాటి రూపాలు. వాటిని కనుగొనడం ఒక విద్య. కనుగొన్నదానికి సరియైన పేరు నిర్ణయించి, ఫలానా చోట ఫలానా దినాన ఇది ఉండినదని లోకానికి నమ్మకంగా చెప్పడం అంతకంటే కఠినమైన విద్య.

పేరులో బూజు ఉన్నా జిగురు బూజు నిజానికి శిలీంధ్రం కాదు. దాని జీవితం రెండు వేషాల నాటకం వంటిది. గాలిలో కొట్టుకొనివచ్చిన సిద్ధబీజం తడి తగలగానే పగిలి, అందులోనుండి అమీబా వంటి ఒక కణం వెలువడుతుంది. నీరు ఎక్కువగా ఉంటే అదే కణం కశాభాలను పెంచుకొని ఈదుతుంది. రెండు అనుకూల కణాలు కలిసినప్పుడు ఏర్పడిన సంయుక్తబీజం ఎదుగుతూ పోతుంది. కేంద్రకాలు రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతూ వేలకొలది అవుతాయి. కాని కణం మాత్రం విభజన చెందదు. ఈ దశకు ప్లాస్మోడియం అని పేరు. అరచేయి వెడల్పున పరచుకొన్నా అది ఒకే కణం! దాని నాళాలలో జీవపదార్థం కొంతసేపు ముందుకు ప్రవహించి, ఆగి, వెనుకకు మళ్ళుతుంది. ఆ విధంగానే అది గంటకు కొద్దిపాటి దూరం పాకుతూ, దారిలోని బాక్టీరియాలను, శిలీంధ్రాల సిద్ధబీజాలను మింగుతుంది. ఆహారం తరిగినప్పుడో, తడి తగ్గినప్పుడో దుంగ లోపలినుండి వెలుగులోకి వచ్చి రెండవ వేషం ధరిస్తుంది. పాకే ముద్ద నిలకడగా నిలిచిన సిద్ధబీజాశయాలుగా మారిపోతుంది. నిన్నటివరకు జంతువు వలె పాకి మేసినది నేడు పుట్టగొడుగు వలె నిలబడుతుంది.

ఈ ద్వంద్వ స్వభావమే పండితులను రెండు శతాబ్దాలపాటు చిక్కులలో పెట్టింది. 1753లో లిన్నేయస్ తాను ఎరిగిన జిగురు బూజును పుట్టగొడుగుల వర్గంలో చేర్చాడు. 1859లో జర్మను శాస్త్రజ్ఞుడు అంటోన్ డి బారీ వీటి జీవితచరిత్రను పరిశీలించి, ఇవి జంతువులకే దగ్గరివని వాదించి, ఆ అర్థం వచ్చేటట్లు కొత్త పేరు పెట్టాడు. నేటి జీవశాస్త్రం వీటిని అమీబాల బంధువులుగా లెక్కిస్తున్నది. మెదడు లేని ఈ కణం దారి వెదకగలదని కూడా తెలిసింది. 2000లో జపాను శాస్త్రజ్ఞుడు తోషియుకి నకగాకి, ఆయన సహచరులు ఒక చిక్కుదారుల పలక మీద ఫైసారం పాలీసెఫాలం అనే జాతిని పరచి, రెండు కొసలలో ఓట్లపిండి ఉంచగా, అది తక్కిన దారులనుండి ముడుచుకొని దగ్గరి దారిన మాత్రమే నిలిచింది. ఆ ప్రయోగానికి వచ్చిన ప్రసిద్ధి, పేరు తెలియక దుంగలమీద పడియున్న తక్కిన జాతులకు రాలేదు.

బొగ్గుగనుల సీమలో కుళ్ళిన కొయ్యను గూర్చి మాట్లాడటంలో ఒక ఔచిత్యం ఉన్నది. గోదావరి లోయలోని బొగ్గు ఒకనాటి అడవియే. ఇరువది అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడ నాలుక ఆకారపు ఆకులుగల గ్లాసోప్టెరిస్ వృక్షాలు పెరిగాయి. గోండుల పేరుమీదుగానే ఆ శిలాస్తరాలకు, తరువాత ఆ మహాఖండానికి గోండ్వానా అనే పేరు వచ్చింది. చెట్టు కూలి మామూలు నేలమీద పడితే శిలీంధ్రాలు, బాక్టీరియాలు దానిని మట్టిలో కలిపివేస్తాయి. ఆ బాక్టీరియాలను మేసి జిగురు బూజులు బ్రతుకుతాయి. కాని గాలి చొరని చిత్తడినీటిలో పడిన చెట్టు పూర్తిగా కుళ్ళలేదు. పొరపై పొరగా పేరుకొని, ఇసుక కింద అణగి, నల్లబడింది. కుళ్ళు పూర్తయిన చోట మన్ను మిగిలింది. ఆగినచోట బొగ్గు మిగిలింది. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గు ఉన్నదని కనుగొన్నప్పుడు, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందినప్పుడు, 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడినప్పుడు, అందరి దృష్టి ఆ ఆగిన కుళ్ళు మీదనే నిలిచింది. పూర్తయ్యే కుళ్ళును, దానిమీద బ్రతికేవాటిని లెక్కించవలసిన పని ఎవరి పద్దులోనూ చేరలేదు.

జిగురు బూజును గుర్తించడం ఎట్లాగో కొంత వివరంగా తెలుసుకోవాలి. పాకే దశలో దానికి పేరు పెట్టడం దాదాపు అసాధ్యం. పసుపు ముద్దలు ఎన్నో జాతులలో ఉంటాయి. కాబట్టి పరిశీలకుడు అది సిద్ధబీజాశయాలుగా మారేవరకు ఓపిక పట్టాలి. ఆ తరువాత చూడవలసినవి చాలా ఉంటాయి. కాడ ఉన్నదా లేదా, తలలు విడివిడిగా ఉన్నాయా కలిసిపోయాయా, పైపొర మీద సున్నపు రేణువులు ఉన్నాయా, లోపల నూలుపోగుల వంటి జాలం ఉన్నదా, ఆ పోగులకు ముడులు ఉన్నాయా, సిద్ధబీజాల రాశి ఏ రంగుది, ఇవన్నీ గమనించాలి. లైకోగాలా ఎపిడెండ్రం లేతదశలో గులాబిరంగు గోళీల వలె ఉండి, నొక్కితే పేస్టువంటి ద్రవం కారుస్తుంది. ఆర్సిరియా డెన్యుడేటా ఎర్రని దూదిపింజల వలె ఉబ్బుతుంది. ఇంతవరకు కంటిచూపు, చేతికటకం చాలు.

అసలు చిక్కు స్టెమోనైటిస్ వంటి ప్రజాతులలో వస్తుంది. నల్లని సన్నని కాడలమీద గోధుమరంగు కుచ్చులవలె నిలిచే ఈ బూజులలో ఫస్కా, ఆక్సిఫెరా అనే రెండు జాతులను పైకి చూచి వేరుపరచబోతే పొరబడటానికి అవకాశం ఎక్కువ. సిద్ధబీజాలను గాజుపలక మీద ఉంచి, నూనెచుక్క వేసి చూచే వందరెట్ల కటకం కింద పరిశీలిస్తే ఒకదాని బీజంమీద వలవంటి గీతలు కనిపిస్తాయి. రెండవదాని బీజం చిన్నదై, దాదాపు నున్నగా ఉంటుంది. ఇక్కడ కొలతలు మైక్రోమీటర్లలో ఉంటాయి. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయిదా, ఎనిమిదా అన్న భేదం మీద ఒక జాతి పేరు ఆధారపడి ఉంటుంది. అందుచేత ఒక బీజాన్ని కొలిచి ఊరుకోరు. అనేక బీజాలను కొలిచి వాటి అవధిని వ్రాస్తారు.

ఈ పని ప్రాచీన కావ్యాల పరిష్కర్తలు చేసే పనికి దూరమైనదేమీ కాదు. పరిష్కర్త తాళపత్ర ప్రతులను ఎదురెదురుగా పెట్టుకొని, అక్షరం అక్షరం పోల్చి, ఏది మూలపాఠమో ఏది లేఖకుని చేయిజారుడో తేలుస్తాడు. అనుకూలమైన పాఠం దొరికినంతమాత్రాన దానినే మూలమనడు. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించిన తరువాత దాని కాలాన్ని గూర్చి పండితులలో చాలాకాలం వాదోపవాదాలు సాగాయి. అటువంటి వాదం వచ్చినప్పుడు తిరిగి విప్పి చూడవలసినది వ్రాతప్రతినే. జీవశాస్త్రంలో ఆ వ్రాతప్రతి స్థానం నమూనాది. నమూనా లేని ప్రకటన ప్రతి లేని పద్యం వంటిది. వినడానికి బాగుండవచ్చు, పరీక్షకు నిలువదు.

అరుదు అనే మాటను కూడా జాగ్రత్తగా వాడవలసి ఉన్నది. ఒక జాతి నిజంగానే కొద్దిచోట్ల మాత్రమే ఉండవచ్చు. లేదా ఎవరూ వెదకకపోవడం వలన అరుదుగా తోచవచ్చు. 1933లో గిల్బర్ట్, మార్టిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సులభోపాయాన్ని వెల్లడించారు. చెట్టు బెరడు ముక్కలను మూతగల గాజుగిన్నెలో వడపోత కాగితంమీద పరచి, స్వేదనజలం పోసి, ఒక దినం నానిన తరువాత మిగులు నీటిని వంచివేసి, తడి ఆరకుండా వారాల తరబడి కనిపెట్టి ఉండటమే ఆ ఉపాయం. బెరడు పగుళ్ళలో నిద్రిస్తున్న సిద్ధబీజాలు మేలుకొని, అడవిలో ఎన్నడూ కంటబడని సూక్ష్మజాతులు గిన్నెలో తలలెత్తుతాయి. ఎకైనోస్టీలియం మినూటం అనే అత్యల్ప ప్రమాణంగల జాతి ఈ పద్ధతి వచ్చిన తరువాతనే ఎంత విరివిగా ఉన్నదో తెలిసింది. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలో ఒక సూక్ష్మదర్శిని, పది గాజుగిన్నెలు, దినదినమూ చూడగల ఓర్పు ఉంటే చాలు. ఓర్పు దొరకడమే కష్టం.

దొరికిన నమూనాను, అది నిలిచిన కొయ్యముక్కతో సహా కోసి, నీడలో ఆరబెట్టి, చిన్న పెట్టె అడుగున అంటించి భద్రపరుస్తారు. అగ్గిపెట్టె ఇందుకు చక్కగా సరిపోతుంది. సిద్ధబీజాలను మేసే చిన్న పెంకుపురుగులు ఉంటాయి కనుక పెట్టెను వాటినుండి కాపాడాలి. పెట్టెమీద చీటీ ఉండాలి: సేకరించిన తేదీ, ఊరు, ఆ ఊరిలో సరిగా ఏ చోటు, ఏ చెట్టు కొయ్య, బెరడా ఆకా, సేకర్త పేరు. రామగుండం అని మాత్రమే వ్రాస్తే చాలదు. గోదావరి ఒడ్డుననా, పాత గని పక్కనా, కొత్తగా మొక్కలు నాటిన దిబ్బమీదనా అన్నది చెప్పాలి. ఆపైన ఆ జాతిని గూర్చి అంతకుముందు వెలువడిన జాబితాలన్నీ చూచి, ఆ ప్రాంతంనుండి అది నమోదు కాలేదని రూఢి చేసుకొని, నిపుణునికి చూపి, నమూనాను ఒక వృక్షసంగ్రహాలయంలో సంఖ్య వేయించి దాఖలు చేసిన తరువాతనే ప్రకటన. ఇన్ని మెట్లెందుకని విసుగు కలుగవచ్చు. ఒక్క తప్పు నమోదు జాబితాలో చేరితే తరువాతివారు దానిని నమ్మి మళ్ళీ మళ్ళీ ఉదాహరిస్తారు. లేనిది ఉన్నదిగా స్థిరపడుతుంది.

మన దేశంలో ఈ కృషి కొత్తది కాదు. 1934లో లాహోరునుండి లోధీ భారతీయ జిగురు బూజులపై గ్రంథాన్ని ప్రకటించాడు. 1950ల దశకంలో వి. అగ్నిహోత్రుడు దక్షిణ భారతదేశపు జిగురు బూజులను గూర్చి వరుసగా వ్యాసాలు వెలువరించాడు. పేరు చూడగానే తెలుగువారికి ఆత్మీయత కలుగుతుంది. 1977లో కె. ఎస్. థింద్ గ్రంథం, 1981లో లఖన్‌పాల్, ముఖర్జీల గ్రంథం వచ్చాయి. 1993లో స్టీఫెన్సన్, కల్యాణసుందరం, లఖన్‌పాల్ కలిసి అమెరికాలోని అపలాచియన్ కొండల జిగురు బూజులను భారతదేశంలోని రెండు ప్రాంతాలవాటితో పోల్చి చూపారు. ఒక సీమలోని జాబితా మరొక సీమకు ఎట్లా కొలమానం అవుతుందో తెలుసుకోవడానికి ఆ వ్యాసం మంచి ఉదాహరణ.

చిన్న ఊరినుండి పెద్ద లోకానికి ఒక జిగురు బూజు చేరిన కథలలో జపాను దేశస్థుడు మినకత కుమగుసుది మిక్కిలి రసవంతమైనది. 1867లో వకయామాలో జన్మించిన మినకత అమెరికాలోను, లండనులోను కొన్నేళ్ళు గడిపి, 1900లో స్వదేశానికి తిరిగివచ్చి, తనబె అనే సముద్రతీరపు ఊరిలో స్థిరపడ్డాడు. విశ్వవిద్యాలయ పట్టం లేదు, ఉద్యోగం లేదు. అడవులలో తిరిగి జిగురు బూజులు ఏరి, లండనులో ఈ శాస్త్రానికి ప్రమాణగ్రంథం రచించిన ఆర్థర్ లిస్టర్‌కు, ఆయన తదనంతరం కుమార్తె గులీల్మా లిస్టర్‌కు పంపేవాడు. 1917లో తన పెరటిలోని పెర్సిమన్ పండ్లచెట్టు బెరడుమీదనే ఆయనకొక వింత నమూనా దొరికింది. గులీల్మా దానిని పరీక్షించి, తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడదని తేల్చి, 1921లో మినకతెల్లా లాంజిఫిలా అని నామకరణం చేసింది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనవారి సామెత. ఆ పెరటిచెట్టు మాత్రం యజమాని పేరును శాస్త్రంలో నిలిపింది.

మినకత జీవితంలో దీనికంటె ముఖ్యమైన ఘట్టం మరొకటి ఉన్నది. 1906లో జపాను ప్రభుత్వం చిన్న చిన్న గ్రామదేవాలయాలను కలిపివేయాలని ఆజ్ఞాపించింది. ఆలయం పోతే దాని చుట్టూ తరతరాలుగా గొడ్డలి తగలని వనం కూడా పోతుంది, చెట్లు అమ్ముడుపోతాయి. తాను ఏ దుంగలమీద ఏ జాతులను ఏరినాడో ఆ దుంగలున్న వనాలే నరికివేతకు గురికావడం చూచి మినకత ఎదురుతిరిగాడు. పత్రికలకు వ్రాశాడు, పండితులకు లేఖలు పంపాడు. 1910లో ఒక సమావేశంలోకి దూసుకొనిపోయినందుకు పద్దెనిమిది దినాలు నిర్బంధంలో ఉన్నాడు. అతని ఆవేశాన్ని మెచ్చుకొనడం కష్టమే. కాని ఆ ఆవేశం వెనుక చీటీలు అంటించిన పెట్టెలు ఉన్నాయి. ఫలానా వనంలో ఫలానా జీవం ఉన్నదని చూపగల సాక్ష్యం ఉన్నది. 1929లో జపాను చక్రవర్తి హిరోహితో, తానూ జిగురు బూజులను సేకరించే అభిరుచిగలవాడు కావడం వలన, తనబె తీరానికి వచ్చినప్పుడు మినకతను పిలిపించి ప్రసంగం విన్నాడు. ఆ సందర్భంలో మినకత నూటపది నమూనాలను సమర్పించాడు. రాజోచితమైన పేటికలలో కాదు, మిఠాయి అమ్మే కారమెల్ డబ్బాలలో పెట్టి ఇచ్చాడు. ఆ తీరాన ఆయన కాపాడిన కాషిమా దీవి వనం 1930ల మధ్యకాలంలో ప్రకృతి స్మారకంగా రక్షణ పొందింది.

రామగుండం సీమకు ఈ కథతో ఉన్న పోలిక పైపైది కాదు. భూగర్భ గనులలో బొగ్గు తీసినప్పుడు పైనున్న చెట్టు చాలావరకు నిలిచే ఉంటుంది. ఉపరితల గనులలో అట్లా కుదరదు. బొగ్గు పొర చేరేవరకు పైనున్న చెట్టును, మట్టిని, రాతిని అన్నిటినీ తొలగించి దిబ్బలుగా పోయవలసిందే. కరెంటు వెలగాలంటే బొగ్గు కావాలి. 1983లో మొదటి యూనిట్ ప్రారంభమైన ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రం ఈ బొగ్గు మీదనే ఆధారపడింది. వేలాది కుటుంబాల అన్నం ఈ గనులలోనే ఉన్నది. దానిని తేలికగా తీసివేసి మాట్లాడటం న్యాయం కాదు. తవ్వకం ముగిసిన దిబ్బల మీద మొక్కలు నాటుతున్నారు; అవి పెరుగుతున్నాయి. అయితే నాటినది చెట్టు మాత్రమే. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు కలిసిన పాత అడవిలో కూలి, ఏళ్ళ తరబడి నాని, మెత్తబడిన దుంగను ఎవరూ నాటలేరు. ఆ దుంగ తయారు కావడానికి ముందు చెట్టు పెరగాలి, ముదరాలి, కూలాలి, కుళ్ళాలి. అంతవరకు దానిమీది జీవులు ఎక్కడ తలదాచుకొంటాయన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, మొదట అవి ఏవో తెలిసి ఉండాలి.

బెరడు మీద బ్రతికే జిగురు బూజులకు బెరడు ఆమ్లగుణం ముఖ్యమైనది. ఆమ్లత మారితే అక్కడ నిలిచే జాతులూ మారుతాయి. గాలిలో కలిసే పొగ, దుమ్ము బెరడు మీదనే పేరుకొంటాయి. ఫిన్లాండు రాజధాని హెల్సింకి నగరంలోని వృక్షోద్యానంలో చెట్ల బెరడు మీది జిగురు బూజులను, గాలి కాలుష్యం తగ్గిన దశాబ్దాల తరువాత మరల పరిశీలించి, పూర్వపు పరిశీలనతో పోల్చి 2004లో ప్రకటించారు. వారికి అది సాధ్యమైనది పూర్వపు జాబితా ఉండటం వలన. గోదావరిఖని వీధులలోని వేపచెట్టు, దిబ్బమీది కానుగ, నది ఒడ్డున మిగిలిన నల్లమద్ది, ఈ మూడింటి బెరడునూ ఒకే వానాకాలంలో గాజుగిన్నెలలో నానబెట్టి, ఏ గిన్నెలో ఏవి మొలిచాయో వ్రాసిపెడితే, ముప్ఫై ఏళ్ళ తరువాత వచ్చే విద్యార్థికి అటువంటి జాబితా ఇక్కడ కూడా దొరుకుతుంది. ఆ పరిశీలనలో కొత్త జాతి దొరకకపోవచ్చు. సామాన్యమైన ఫ్యూలిగో అయినా సరే, చోటు, తేదీ, చెట్టు పేరు సరిగా వ్రాసి ఉంటే ఆ నమోదుకు విలువ ఉంటుంది. అరుదైనది దొరికితే దానిని అరుదని నిర్ణయించడానికి కూడా ఈ సామాన్యమైన వాటి లెక్కే ఆధారం.

జిగురు బూజులు మనిషి తొందరను ఎరుగవు. మయన్మారులో దొరికిన సుమారు పది కోట్ల సంవత్సరాల నాటి అంబరులో, అంటే గడ్డకట్టిన చెట్టుబంకలో, ఒక స్టెమోనైటిస్ కుచ్చు చెక్కుచెదరక ఉన్నట్లు 2019లో ప్రకటించారు; నేటి కుచ్చుకూ దానికీ రంగురూపాలలో చెప్పుకోదగిన భేదం లేదు. తడి ఆరిపోతే ప్లాస్మోడియం గట్టి పెళ్ళవలె ముడుచుకొని వానకై వేచి ఉంటుంది. సంగ్రహాలయపు పెట్టెలలో దశాబ్దాల పాటు ఎండియున్న సిద్ధబీజాలు నీటిచుక్క తగలగానే మొలకెత్తిన సందర్భాలు ఉన్నాయి. చీటీ చెక్కుచెదరక ఉన్న పెట్టెలో, మొలకెత్తినది ఏ ఊరి దుంగమీదిదో కూడా చదువుకొనవచ్చు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జిగురు బూజు జాతిని నిర్ణయించి నమోదు చేయడంలో పాటించవలసిన జాగ్రత్తలను పాఠం ఆధారంగా వివరించండి.
2. మినకత కుమగుసు కృషికి, బొగ్గుగనుల సీమలోని నేటి పరిస్థితికి గల సంబంధాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గాజుగిన్నెలో బెరడును పరిశీలించే పద్ధతిని వ్రాయండి.
2. 'అరుదు' అనే మాటను జాగ్రత్తగా వాడాలని ఎందుకు చెప్పారు?

సందర్భసహిత వ్యాఖ్య
"కుళ్ళు పూర్తయిన చోట మన్ను మిగిలింది, ఆగినచోట బొగ్గు మిగిలింది."

సంధులు
అత్యల్ప = అతి + అల్ప (యణాదేశ సంధి); వృక్షోద్యానం = వృక్ష + ఉద్యానం (గుణసంధి); సంగ్రహాలయం = సంగ్రహ + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి)

సమాసాలు
బొగ్గుపొడి: బొగ్గు యొక్క పొడి (షష్ఠీ తత్పురుష); రంగురూపాలు: రంగూ, రూపమూ (ద్వంద్వ సమాసం)